పడమటి కర్నూలు నీటి నిర్మాణాలు, స్థానిక సమాజాల భాగస్వామ్యం

కర్నూలు జిల్లా పడమటి అంచున, తుంగభద్రకు దక్షిణాన ఆదోని, ఎమ్మిగనూరు, మంత్రాలయం, కోసిగి, కౌతాళం, పెద్దకడుబూరు మండలాలు ఉన్నాయి. ఇక్కడి చెరువులు, కాలువలు, వేసవి నిల్వ చెరువులు, బోర్లు, కుళాయి పథకాల రూపకల్పనలోనూ నిర్వహణలోనూ వాటి నీళ్లు వాడుకునే జనానికి ఎంత చోటు దక్కిందన్నది ఈ వ్యాస విషయం. పోలిక అవసరమైన చోట తూర్పు కనుమల ఆదివాసీ గూడేల అనుభవాన్నీ, ఇతర దేశాల అనుభవాన్నీ ప్రస్తావించాం.

నీటి పథకాల పత్రాల్లో భాగస్వామ్యం అనే మాట రెండు అర్థాల్లో కనిపిస్తుంది. ఊరివాళ్లు కూలి లేకుండా పనిచేయడం, ఖర్చులో కొంత వాటా కట్టడం మొదటిది. ఎక్కడ కట్టాలో, ఎంత లోతు తవ్వాలో, ఎవరికి ఎప్పుడు నీళ్లు వదలాలో తేల్చే కొలతలు ఊరివాళ్ల చేతుల్లో ఉండడం రెండోది. మొదటిది ఈ సీమలో శతాబ్దాలుగా ఉంది. రెండోది అరుదు. అది ఉన్న చోట ఫలితం వేరుగా వచ్చింది.

ఎవరి నీళ్లు

స్థానికుల భాగస్వామ్యం గురించి రాసే అంతర్జాతీయ పత్రాల్లో మూలవాసులు అన్నప్పుడు స్ఫురించే అడవి తెగలు పెద్దకడుబూరు చుట్టుపక్కల లేవు. చెంచులు నల్లమలలో ఉంటారు. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా ఏర్పడ్డాక ఆ అడవి కర్నూలు జిల్లా నుంచి విడిపోయింది. పడమటి మండలాల్లో పెద్ద సంఖ్యలో ఉన్నవాళ్లు వాల్మీకులనీ పిలిచే బోయలు. ఏజెన్సీ ప్రాంతాల్లో వాల్మీకులు షెడ్యూల్డు తెగ, మైదానంలో వెనుకబడిన తరగతి. మైదానం బోయలనూ తెగల జాబితాలో చేర్చాలని రాష్ట్ర శాసనసభ 2017లోనూ 2023లోనూ తీర్మానించింది. వీరితోపాటు కురువలు, మాల మాదిగలు, వడ్డెరలు, తండాల్లో సుగాలీలు ఉన్నారు. చెరువు తవ్వినవాళ్లు, తూము దగ్గర కాపలా ఉన్నవాళ్లు, గొర్రెల వెంట తిరిగి ఏ వంకలో ఏ నెల దాకా తడి ఉంటుందో ఎరిగినవాళ్లు వీళ్లే. ఊరి ఉమ్మడి బావిలో చేద వేసే హక్కు చాలాకాలం దక్కనివాళ్లు కూడా వీళ్లలోనే ఉన్నారు. అందుచేత ఊరు అనగానే ఒకే గొంతు అనుకుని కట్టిన పథకం, తెలియకుండానే పాత ఆధిపత్యాన్ని పైపుల్లోకి ఎక్కిస్తుంది. కుళాయిల వరస ఏ వీధి నుంచి మొదలై ఏ వీధిలో ముగుస్తుందో చూస్తే ఆ సంగతి బోధపడుతుంది.

నేల, వాన

ఏడాదికి సగటున 600 మిల్లీమీటర్ల అటూ ఇటూ వాన. అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి అక్టోబరు లోపే, అదీ కొద్ది రోజుల్లోనే కురుస్తుంది. పైన నల్లరేగడి, గుట్టల దగ్గర ఎర్రనేల, కింద పురాతనమైన గ్రానైటు, నైస్ రాయి. ఎండాకాలంలో నెర్రెలిచ్చిన రేగడి తొలివానను బాగానే తాగుతుంది గాని, ఒకసారి నానిందంటే మూసుకుపోతుంది. ఆ తర్వాతి వాన వంకల వెంట పోవాల్సిందే. రాతి పైపొర కొన్ని మీటర్ల మేర శిథిలమై గరుసుగా మారింది. పాత బావుల్లో నీళ్లు ఉండేది ఆ పొరలోనే. దాని కింద పగుళ్లలో దొరికే నీళ్లకు బోరు వేయాలి. ఒక పొలంలో బోరు పోసిందంటే పక్క పొలంలోనూ పోస్తుందన్న భరోసా ఈ రాతిలో లేదు.

భూగర్భ జలంలో ఫ్లోరైడు మరో బాధ. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను తొలిసారి 1937లో గుర్తించింది నేటి ప్రకాశం జిల్లా ప్రాంతంలోనే. లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకుండా ఉండాలని, వేరే దారి లేకపోతే 1.5 వరకు ఒప్పుకోవచ్చని భారత ప్రమాణం. లోతుకు పోయేకొద్దీ నీళ్లు రాయితో ఎక్కువకాలం కలిసి ఉంటాయి గనుక, కొత్తగా వేసిన లోతైన బోరు పాత బావి కంటే మంచి నీళ్లిస్తుందని నమ్మడానికి వీల్లేదు.

వానలు కుదరని ఏడాది పంట చేతికి రాక, కుదిరిన ఏడాది కూడా రెండో పంటకు నీళ్లు లేక, ఈ మండలాల కుటుంబాలు సుగ్గికి, అంటే వలస కూలికి, పోతాయి. మిరప కోతలకు గుంటూరు వైపు, పత్తి తీయడానికి మరో వైపు. నీటి ఇంజనీరింగుకు దీనితో సంబంధం ఏమిటని అనిపించవచ్చు. కమిటీ వేసి, శిక్షణ ఇచ్చి, మోటారు తాళం అప్పగించిన మనిషి జనవరిలో ఊళ్లో లేకపోతే ఆ పథకం ఎవరిది అన్నదే ఇక్కడి ప్రశ్న. సమావేశం పెట్టే నెల కూడా డిజైనులో భాగమే.

చెరువులు, వాటిని కట్టినవాళ్లు

రాయలసీమ చెరువు అంటే కట్ట, తూము, మరువ, ఆయకట్టు. కట్ట లోపలి వైపు రాతికట్టు, తూము వెనుక కాలువలు, వరద ఎక్కువైతే మరువ మీదుగా కింది చెరువుకు పారే ఏర్పాటు. ఈ విద్యను పుస్తకంగా రాసినవాళ్లు తక్కువ. రాతి మీద మాత్రం ఒక అపురూపమైన సాక్ష్యం మిగిలింది. విజయనగర బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు కడప సీమలోని పోరుమామిళ్లలో కట్టించిన చెరువు శాసనం, 1369 నాటిది. మంచి చెరువుకు పన్నెండు అంగాలు, చెడ్డ చెరువుకు ఆరు దోషాలు అందులో ఉన్నాయి. నీటి విద్య తెలిసిన మనిషి ఉండడం పన్నెండు అంగాల్లో ఒకటి. వెయ్యి మంది కూలీలు రెండేళ్లు పనిచేశారని కూడా శాసనం చెబుతుంది. దోషాల్లో కట్ట నుంచి ఊట కారడం, చవిటి నేల, చెరువు నడుమ మెరక ఉన్నాయి. నీళ్లు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం, నీళ్లు ఎక్కువై భూమి తక్కువ కావడం, రెండు రాజ్యాల సరిహద్దులో ఉండడం మిగతావి. ఆరున్నర శతాబ్దాల తర్వాత తుంగభద్ర కింది ఊళ్లకు ఈ దోషాల్లో రెండు నేరుగా తగులుతున్నాయి. ఒకటి ఉన్న నీటికి మించిన ఆయకట్టు, రెండోది రెండు రాష్ట్రాల మధ్య పడిన కాలువ.

శాసనం రాజకుమారుడి పేరు చెబుతుంది. మట్టి తవ్వింది మాత్రం వడ్డెరలు. మట్టి పని చేసే వడ్డెరలు, రాయి కొట్టే వడ్డెరలు అని వాళ్లలో రెండు వృత్తులు. తవ్విన గుంటల నడుమ మట్టి దిమ్మెలు వదిలేసి, వాటి ఎత్తును బట్టి పని కొలిచి కూలి కట్టే పద్ధతి నిన్న మొన్నటి దాకా ఉపాధి పనుల్లోనూ కనిపించేది. ఏ మట్టి కట్టకు పనికొస్తుంది, ఏది నీళ్లు తగలగానే జారిపోతుంది, రాతిని ఏ పొర వెంట చీల్చాలి అన్నది వాళ్లకు చేతితో తెలిసిన సంగతి. ఈ పరిజ్ఞానాన్ని ఇంజనీరింగుగా లెక్కకట్టక కూలిపనిగా చూడడం వల్ల ఈ ప్రాంతం చాలా పోగొట్టుకుంది.

చెరువు నిర్వహణకు దశబంధం ఇనాములు ఉండేవి. చెరువు కట్టినవారికో, ఏటా మరమ్మతు చేసే బాధ్యత తీసుకున్నవారికో ఆయకట్టులో కొంత భూమి పన్ను లేకుండానో, తక్కువ పన్నుకో దక్కేది. తూము ఎత్తి దించి నీళ్లు పంచే నీరుగంటికి పంటలో మేర ఉండేది. 1800లో నిజాము ఈ సీమను ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాడు. థామస్ మన్రో కలెక్టరుగా 1807 వరకు పాలించాడు. రైత్వారీ పద్ధతిలో శిస్తు రైతుతో నేరుగా తేలింది గాని, చెరువు ఉమ్మడిది కావడంతో దాని బాధ్యత ఎవరిదో క్రమంగా తేలకుండా పోయింది. చివరకు మద్రాసు ప్రభుత్వం 1858లో నిర్బంధ శ్రమ చట్టం తెచ్చి, గండి పడినప్పుడు ఊరివాళ్లు పనికి రావాలని శాసించింది. ఆదాయం సర్కారుది, గండి పూడ్చే శ్రమ ఊరిది అన్న ఈ పంపకాన్ని ఆచారం పేరుతో సమర్థించారు. నేటి పథకాల్లో వాటాధనం మాట వినపడ్డప్పుడు ఈ చరిత్రను గుర్తుంచుకోవడం మంచిది.

1876–78 నాటి కరువు బళ్లారి, కర్నూలు జిల్లాలను ఛిన్నాభిన్నం చేసింది. అప్పటికి ఆదోని బళ్లారి జిల్లాలో తాలూకా. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడే కర్నూలు జిల్లాలోకి వచ్చింది.

తుంగభద్ర దిగువ కాలువ

తుంగభద్ర మీద పెద్ద జలాశయం కట్టాలని ఆర్థర్ కాటన్ 1860లోనే సూచించాడు. శంకుస్థాపన 1945 ఫిబ్రవరి 28న జరిగింది. నదికి ఎడమ ఒడ్డున హైదరాబాదు సంస్థానం, కుడి ఒడ్డున మద్రాసు ప్రభుత్వం చెరో రాయి వేశాయి. 1953కు ఆనకట్ట పూర్తయింది. దాదాపు 90 గ్రామాలు జలాశయంలో మునిగాయి. ఈ వైపు పంట పండిందంటే ఆ ఊళ్లవాళ్లు ఇళ్లు వదులుకున్నందువల్లనే.

కుడి ఒడ్డు దిగువ కాలువను రైతులు ఎల్లెల్సీ అంటారు. సుమారు 250 కిలోమీటర్ల వరకు అది తుంగభద్ర బోర్డు అజమాయిషీలోని ఉమ్మడి కాలువ. ఆ పైన ఆంధ్ర ప్రభుత్వ కాలువగా ఆదోని, పెద్దకడుబూరు, ఎమ్మిగనూరు వైపు సాగి కోడుమూరు దాకా పోతుంది. కృష్ణా జలాలపై బచావత్ ట్రిబ్యునల్ ఈ కాలువ కింద ఆంధ్ర ఆయకట్టుకు 24 టీఎంసీలు ఇచ్చింది. కర్నూలు జిల్లాలో ఆయకట్టు లక్షన్నర ఎకరాల పైచిలుకు. కాగితం మీద ఇది తక్కువ నీటితో పండే ఆరుతడి పంటల కాలువ. మొదటి తూముల దగ్గర వరి పెరిగితే చివరి తూముల దగ్గర జొన్నకు కూడా తడి అందదు.

కాలువ ఇంజనీరింగులో ఇది కొలత సమస్య. ప్రతి తూము దగ్గర ఎంత ప్రవాహం పోతోందో రైతుకు కనిపించే గేజి ఉంటే, తగాదా పెట్టుకోవడానికైనా ఒక అంకె ఉంటుంది. లేకపోతే మిగిలేది రాత్రిపూట షట్టరు ఎత్తడమే. 1997లో ఆంధ్రప్రదేశ్ సాగునీటి వ్యవస్థల రైతు యాజమాన్య చట్టం వచ్చింది. పదివేలకు పైగా నీటి సంఘాలకు ఒకేసారి ఎన్నికలు జరిపిన ఆ చట్టం గురించి అప్పట్లో ప్రపంచమంతా చెప్పుకుంది. సంఘాలకు కాలువ పూడిక పనులు దక్కాయి. నీళ్ల విడుదల షెడ్యూలు మీద అధికారం మాత్రం పై కార్యాలయాల్లోనే ఉండిపోయింది. నిధులు ఆగినప్పుడు సంఘాలూ ఆగాయి. 2024 డిసెంబరులో రాష్ట్రంలో ఈ సంఘాలకు మళ్లీ ఎన్నికలు జరిగాయి.

వేసవి నిల్వ చెరువు

ఎల్లెల్సీ ఏడాది పొడవునా పారదు. కాలువ కట్టేసిన నెలల్లో తాగడానికి నీళ్లు పట్టి ఉంచే చెరువునే ఈ ప్రాంతంలో అందరూ ఎస్ఎస్ ట్యాంకు అంటారు. ఆదోని పట్టణానికి తాగునీళ్లిచ్చే పెద్ద ట్యాంకు పెద్దకడుబూరు మండలం బసలదొడ్డి దగ్గర ఉంది. పల్లెలకు చిన్నవి ఉన్నాయి. కాలువ నీళ్లు ట్యాంకు నింపుతాయి, అక్కడి నుంచి ఇసుక వడపోత గదికి, క్లోరిన్ కలిపాక ఓవర్‌హెడ్ ట్యాంకుకు, ఆ తర్వాత వీధి పైపులకు.

దీని లెక్క ఎవరైనా వేసుకోవచ్చు. మనిషికి రోజుకు 55 లీటర్లు జల్ జీవన్ మిషన్ ప్రమాణం. వెయ్యి మంది ఉన్న ఊరికి ఏడాదికి కావాల్సింది సుమారు 20 వేల ఘనపు మీటర్లు, అంటే రెండు కోట్ల లీటర్లు. ఒక ఎకరం వరికి దాదాపు 1,200 మిల్లీమీటర్ల నీళ్లు అనుకుంటే 4,850 ఘనపు మీటర్లు. వెయ్యి మంది ఏడాది తాగి, వండుకుని, స్నానం చేసే నీళ్లు నాలుగెకరాల వరికి సరిపోతాయి, అంతే. ఈ ప్రాంతపు నీటి తగాదాలన్నీ ఈ రెండు అంకెల మధ్యనే నడుస్తాయి.

ట్యాంకు డిజైనులో పెద్ద శత్రువు ఎండ. మండువేసవిలో తెరిచిన నీటి మట్టం రోజుకు 6 నుంచి 8 మిల్లీమీటర్లు ఆవిరై పోతుందనుకుంటే, నాలుగు నెలల్లో ముప్పాతిక మీటరు నుంచి మీటరు దాకా దిగిపోతుంది. మూడు మీటర్ల లోతున్న ట్యాంకులో అది నాలుగో వంతు నుంచి మూడో వంతు. అదే నీటిని సగం వైశాల్యంలో రెట్టింపు లోతున నిల్వ చేస్తే నష్టం సగానికి తగ్గుతుంది. తవ్వకం ఖర్చు పెరుగుతుంది, అడుగున రాయి తగులుతుంది. ఏ లోతున రాయి వస్తుందో ఆ పొలంలో బావి తవ్విన రైతుకు ముందే తెలుసు. స్థలం ఎంచేముందు ఆ రైతును అడగడానికి ఒక పూట చాలు.

మందగతి ఇసుక వడపోత పల్లెకు తగిన సాధనం. మీటరు లోపు మందం ఇసుక, దాని గుండా గంటకు 10 నుంచి 20 సెంటీమీటర్ల వేగంతో దిగే నీళ్లు. పైన పేరుకునే సన్నటి జీవపొర క్రిములను తినేస్తుంది. మందు అక్కర్లేదు, పెద్ద యంత్రం అక్కర్లేదు, మూసుకుపోయినప్పుడు పైన ఒకటి రెండు సెంటీమీటర్ల ఇసుక గీకి తీస్తే చాలు. అయితే ఆ పొర బతకాలంటే నీళ్లు ఆగకుండా పారాలి. కరెంటు వచ్చినప్పుడే మోటారు వేసి, పోయినప్పుడు గదిని ఎండనిచ్చే ఊళ్లో అది చచ్చిపోతుంది, వడపోత పేరుకు మిగులుతుంది. ఈ సంగతి ఆపరేటరుకు ఎవరూ చెప్పకపోతే లోపం ఆపరేటరుది కాదు.

2019 ఆగస్టు 15న ప్రకటించిన జల్ జీవన్ మిషన్ నిబంధనల్లో గ్రామ నీటి, పారిశుద్ధ్య కమిటీలో సగం మంది మహిళలు ఉండాలని, ఊరికి ఐదుగురు మహిళలకు నీటి పరీక్ష కిట్ల వాడకం నేర్పాలని ఉంది. ఊళ్లోపలి నిర్మాణ ఖర్చులో పది శాతం ఊరి వాటా. కొండ, అటవీ ప్రాంతాల్లోనూ, దళిత ఆదివాసీ జనాభా సగం దాటిన ఊళ్లలోనూ ఐదు శాతం. ఈ నిబంధనల్లో అన్నిటికంటే విలువైనది పరీక్ష కిట్టు. ఫ్లోరైడు ఎంతుందో తన చేత్తో చూసుకున్న మహిళ అడిగే ప్రశ్న వేరుగా ఉంటుంది.

బోర్లు, ఊరి నీటి బడ్జెట్టు

ఎద్దులతో కపిల తోలిన బావులు విద్యుత్ మోటార్లతో లోతుకు పోయాయి. వాటి పక్కన బోర్లు పడ్డాక అవి ఎండాయి. ఒక రైతు బోరు ఎండితే ఇంకా లోతుకు మరో బోరు. అప్పు మీద అప్పు. 2002లో వచ్చిన నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) బోరు బోరుకు మధ్య దూరం పాటించాలని, అనుమతి తీసుకోవాలని చెప్పింది. ప్రతి పొలం దగ్గర కాపలా పెట్టే శక్తి ఏ ప్రభుత్వానికీ లేదు.

మరో దారి ఇదే సీమలో దొరికింది. 1995 నుంచి 2003 వరకు నెదర్లాండ్స్ సాయంతో సన్నకారు రైతులకు ఉమ్మడి బోర్లు వేయించిన ఏపీవెల్ పథకం నడిచింది. బోరు వేసినంత మాత్రాన నీళ్లు పుట్టవన్న అనుభవం దాని నుంచి వచ్చింది. దాని కొనసాగింపుగా 2003లో మొదలైనదే ఆంధ్రప్రదేశ్ రైతుల భూగర్భజల యాజమాన్య పథకం, ఏపీ ఫామ్స్. కర్నూలు, అనంతపురం, కడప, చిత్తూరు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లో 638 ఆవాసాలు, 63 వాగు పరీవాహక యూనిట్లలో 2009 వరకు నడిచింది. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ పర్యవేక్షించింది, నంద్యాల కేంద్రంగా పనిచేసే బర్డ్స్ సంస్థ స్థానిక స్వచ్ఛంద సంస్థలను నడిపించింది.

ఈ పథకం ఒక్క బోరు కూడా ఉచితంగా ఇవ్వలేదు, ఎవరి మోటారూ కట్టలేదు. రైతులకు వానమాపకాలు ఇచ్చింది. బోరులో నీటి మట్టం కొలిచే టేపు ఇచ్చింది. బక్కెట్టు, గడియారంతో మోటారు నిమిషానికి ఎన్ని లీటర్లు పోస్తోందో లెక్కకట్టడం నేర్పింది. అంకెలు ఊరి గోడ మీద రాశారు. ఖరీఫ్ ముగిసే వేళ, రబీ విత్తకముందు, పరీవాహక యూనిట్‌లోని ఊళ్లన్నీ కూర్చుని లెక్క తేల్చేవి. ఈ వానకు భూమిలోకి ఇంకింది ఎంత, ఇప్పటికే తోడింది ఎంత, రబీలో ఎవరెవరు ఏం పంట వేయదలచారు, దానికి ఎన్ని నీళ్లు కావాలి. లోటు తేలితే వరి మానమని ఎవరూ ఆజ్ఞ ఇవ్వరు. ఇంటికి వెళ్లి రైతే ఆలోచించుకుంటాడు.

ఆ లెక్కను ఇక్కడి నేలకు వేసి చూడవచ్చు. ఒక చదరపు కిలోమీటరు మీద 600 మిల్లీమీటర్ల వాన అంటే ఆరు లక్షల ఘనపు మీటర్లు. మన నైస్ రాతి నేలల్లో దానిలో సుమారు పదో వంతు ఇంకుతుందనుకుంటే 60 వేలు. వెయ్యి మంది ఊరి తాగునీటికి 20 వేలు పక్కన పెడితే మిగిలిన 40 వేలతో వరి ఎనిమిదెకరాలు పండుతుంది. మూడో వంతు నీటితో పండే శనగో, కొర్రో, ఆముదమో వేస్తే పాతికెకరాలు. చదువు రాని రైతుకు కూడా అర్థమయ్యే అంకెలివి. ఇన్నాళ్లూ అవి భూగర్భజల శాఖ నివేదికల్లో మాత్రమే ఉన్నాయి.

ప్రపంచ బ్యాంకు 2010లో వెలువరించిన భారత భూగర్భజలాల నివేదిక ఈ పథకాన్ని ప్రత్యేకంగా పేర్కొంది. 42 శాతం యూనిట్లలో రబీ తోడకం వరసగా తగ్గిందని, 51 శాతంలో కొన్ని ఏళ్లు తగ్గిందని, 7 శాతంలో మాత్రమే పెరిగిందని చెప్పింది. ఇష్టపూర్వకంగా, పరిహారం ఏమీ లేకుండా తగ్గించుకోవడం అసాధారణం. అయితే అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థకు చెందిన పరిశోధకులు మళ్లీ ఊళ్లకు వెళ్లి చూసి, పథకం ముగిశాక కమిటీలు చాలాచోట్ల నిలబడలేదని, పక్క ఊళ్లతో పోలిస్తే తేడా అంత స్పష్టంగా లేదని 2012లో రాశారు. రెండు నివేదికలనూ కలిపి చదవాలి. కొలవడం వల్ల ఆలోచన మారుతుంది, ఆ కొలతను ఏటా నడిపించే మనిషికి ఎవరో జీతం ఇవ్వాలి. ఆ ఖర్చు ఒక చెక్‌డ్యాము ఖర్చులో చిన్న భాగం. ఆరేళ్ల పథకం అయిపోయాక దాన్ని పంచాయతీ ఖాతాలో పెట్టకపోవడమే దెబ్బ.

2020లో మొదలైన కేంద్ర అటల్ భూజల్ యోజన ఇలాంటి ఊరి నీటి బడ్జెట్టునే తప్పనిసరి చేసింది. అది అమలైన ఏడు రాష్ట్రాల్లో తుంగభద్ర ఆవలి కర్ణాటక ఉంది. ఈ విద్య పుట్టిన ఆంధ్రప్రదేశ్ లేదు.

పెద్దకడుబూరు వంటి చోట ఈ పద్ధతికి ఒక చిక్కుంది, ఒక వీలుంది. కాలువ కింది ఊళ్లలో బోరు నీళ్లూ కాలువ ఊటా కలిసిపోతాయి గనుక లెక్క జటిలం. వీలు మాత్రం పెద్దది. బడ్జెట్టు సమావేశం పెట్టాల్సిన అక్టోబరు నాటికి జనం ఇంకా సుగ్గికి వెళ్లి ఉండరు. ఎవరెవరు ఉంటారో, ఎవరెవరు పోతారో కూడా ఆ రోజే తేలితే, మోటారు తాళం ఎవరి దగ్గర ఉండాలో తేలుతుంది. సహకారం ఈ సీమకు కొత్త కాదు. మాచాని సోమప్ప 1938లో ఎమ్మిగనూరులో నెలకొల్పిన చేనేత సహకార సంఘం దేశానికే పేరెన్నికగన్నది. నూలు లెక్క రాసుకున్న ఊరు నీళ్ల లెక్క రాసుకోలేకపోదు.

కొండ ఊటల దగ్గర

మూలవాసులతో కలిసి చేసిన ఇంజనీరింగు అన్న మాటకు తెలుగు నేల మీద నికార్సయిన ఉదాహరణ తూర్పు కనుమల్లో ఉంది. నేటి అల్లూరి సీతారామరాజు జిల్లా గూడేల్లో కొండ ఊట నుంచి పైపుతో, మోటారు లేకుండా, వాలు బలంతోనే నీళ్లు దించే పథకాలు ఉన్నాయి. ఊట చుట్టూ రాళ్లు, కంకర, ఇసుక పేర్చి చిన్న గది కడతారు. అక్కడి నుంచి ప్లాస్టిక్ పైపు గూడెం దగ్గరి ట్యాంకుకు. నర్సీపట్నం కేంద్రంగా పనిచేసే విశాఖ జిల్లా నవనిర్మాణ సమితి ఇలాంటి తాగునీటి పథకాలూ, గెడ్డ నీటిని మళ్లించే సాగునీటి కాలువలూ గూడేలవాళ్లతో కలిసి కట్టించింది.

ఇందులో కీలకమైన ఎంపిక ఊటది. వానాకాలంలో పది ఊటలు కనిపిస్తాయి. మే నెలలో ఏది పారుతుందో, ఏది పోతుందో గూడెం ముసలమ్మకు తెలుసు. సర్వేకు ఆగస్టులో వచ్చిన ఇంజనీరుకు తెలిసే వీల్లేదు. ఊట పైన చెట్లు నరికితే రెండేళ్లలో ఊట సన్నబడుతుందన్న ఎరుక కూడా వాళ్లదే. షెడ్యూల్డు ప్రాంతాల్లో 1996 నాటి పెసా చట్టం చిన్న నీటి వనరుల నిర్వహణను పంచాయతీకి, భూసేకరణకు ముందు సంప్రదింపు హక్కును గ్రామసభకో పంచాయతీకో ఇచ్చింది. పోలవరం ముంపులో కోయ, కొండరెడ్డి గూడేలు కదిలిన తీరు చూసినవాళ్లకు ఆ సంప్రదింపు ఎంత బలహీనంగా జరగగలదో కూడా తెలుసు.

పెద్దకడుబూరులో అలాంటి ఊటలు లేవు. అయినా ఆ పద్ధతిలోని వరస ఇక్కడికి పనికొస్తుంది. ముందు నీటి మూలాన్ని ఎరిగినవాళ్లు, తర్వాత కొలత, ఆ తర్వాతే అంచనా వ్యయం.

ఇతర దేశాల్లోనూ ఇదే అనుభవం. పెరూలో లిమా నగరానికి పైనున్న కొండల్లో ఇన్కా సామ్రాజ్యానికి ముందటి కాలువలు వానాకాలపు వరదను కొండవాలులోకి ఇంకించి, నెలల తర్వాత కింది ఊటల్లో పొడుచుకొచ్చేలా చేస్తాయి. అక్కడి రైతు సమాజాలు నిలబెట్టుకున్న వాటిని ఇప్పుడు నగరమే డబ్బిచ్చి బాగుచేయిస్తోంది. కెనడాలో నెస్కాంటాగా ఆదివాసీ సమాజం 1995 నుంచి నీళ్లు కాచి తాగాల్సిన స్థితిలో ఉంది. శుద్ధి కేంద్రం వాళ్లకు ముందే ఉంది. సంపన్న దేశం కట్టిన ప్లాంటు పనిచేయక జనం దశాబ్దాలు సీసా నీళ్ల మీద బతకడం చూస్తే, యంత్రం ఒక్కటే పథకం కాదని ఒప్పుకోవాలి.

ఆనకట్ట దగ్గర

ఊళ్లో ఎంత బాగా లెక్క రాసుకున్నా ఎల్లెల్సీ నీళ్లు తుంగభద్ర ఆనకట్ట నుంచే రావాలి. కట్టిన నాడు 133 టీఎంసీలు పట్టిన ఆ జలాశయం ఇటీవలి సర్వేల్లో 105 టీఎంసీల దగ్గరకు వచ్చింది. మిగతా చోటు పూడిక ఆక్రమించింది. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోయింది. నిండిన జలాశయం నుంచి నీళ్లు నదిలోకి పోతుండగా, వారం రోజుల్లో తాత్కాలిక గేటు దించారు. ఏడు దశాబ్దాల నాటి 33 గేట్లనూ మార్చాలన్న నిర్ణయం దాని ఫలితమే.

1953 నుంచి ఆనకట్టను నడుపుతున్న తుంగభద్ర బోర్డులో కేంద్ర ప్రభుత్వం, రాష్ట్ర ప్రభుత్వాల ప్రతినిధులు కూర్చుంటారు. ఏ నెలలో ఎల్లెల్సీకి నీళ్లు వదలాలి, ఎప్పుడు ఆపాలి అన్నది అక్కడ తేలుతుంది. బసలదొడ్డి ట్యాంకు నిండుతుందా లేదా, పెద్దకడుబూరు మండలంలో శనగకు ఒక తడి అందుతుందా లేదా అన్నది ఆ తేదీల మీదే ఆధారపడి ఉంది. కాలువ చివరి ఊళ్ల నీటి సంఘాలకు ఆ బల్ల దగ్గర ఇప్పటికీ కుర్చీ లేదు.